పిల్లలకు జర్మన్ నేర్పే యాప్: పది తలకిందుల సలహాలు

జర్మనీలో ఉద్యోగం ఖాయమైందంటే చాలు, చాలా తెలుగు ఇళ్లలో వీసా అపాయింట్‌మెంట్ కంటే ముందే మూడేళ్ల పాప కోసం జర్మన్ యాప్ ఒకటి ఫోన్‌లోకి దిగుతుంది. “అక్కడికి వెళ్లేలోపు నాలుగు ముక్కలు వస్తే బడిలో బెంగపెట్టుకోదు కదా” అన్నది తల్లిదండ్రుల ఆశ. న్యాయమైన ఆశే. యాప్‌లో పనికొచ్చే సరుకూ ఉంది. కానీ దాన్ని ఎవరు పట్టుకుంటున్నారు, ఎలా వాడుతున్నారు, ఎప్పుడు వదిలేస్తున్నారు అన్నదాన్ని బట్టే అది మేలు చేయడమో, పిల్ల పొద్దును తినేయడమో జరుగుతుంది.

ఇక్కడ చెప్పే సలహాలు మామూలుగా వినే వాటికి అడ్డంగా ఉంటాయి. యాప్ ప్రకటనలు చెప్పేదానికీ, ముందు వెళ్లినవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేదానికీ ఎదురుగా ఉంటాయి. అన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: ఆరేళ్లలోపు పిల్లకు భాష మనిషి నుంచి వస్తుంది. యాప్ ఆ మనిషికి సాయపడగలదు, ఆ మనిషి చోట కూర్చోలేదు.

1. యాప్ మీరు వాడండి, పాపకు ఇవ్వకండి

వంటపుస్తకాన్ని వండేవాళ్ల చేతికిస్తాం గాని ఆకలితో ఉన్న పిల్ల చేతికివ్వం. యాప్ విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం.

అమెరికాలోని సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో పెద్ద దిక్కు. తొమ్మిది నెలల వయసున్న, ఇంగ్లీషు తప్ప వేరే భాష వినని పసివాళ్లను తీసుకున్నారు. కొందరికి చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని కథలు చదివారు, బొమ్మలతో ఆడించారు. ఇలా 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. మిగతా పసివాళ్లలో కొందరికి అదే సరుకును వీడియోలో చూపించారు, కొందరికి ఆడియో మాత్రమే వినిపించారు. మనుషులతో గడిపిన పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాను పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్లకూ ఆడియో విన్నవాళ్లకూ ఆ భాష అసలే వినని పిల్లల కంటే ఎక్కువ ఏమీ రాలేదు.

కాబట్టి పాప నిద్రపోయాక ఓ పావుగంట ఆ యాప్‌తో మీరు కూర్చోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, పైకి పలకండి. ఒకటి రెండు వాక్యాలు ఏరుకోండి. మర్నాడు ఇంట్లో ఉన్న ఒక బొమ్మకు జర్మన్ పేరు పెట్టి, దానికి తెలుగు రాదని పాపకు చెప్పండి. ఆ బొమ్మ ఆడుకునే పది పదిహేను నిమిషాలే ఇంట్లో జర్మన్ సమయం. మీ ఉచ్చారణ మీద మీకు నమ్మకం లేకపోతే ఫోన్‌ను బొమ్మ వెనక దాచి, తెర మీ వైపు పెట్టుకుని, ఆ వాక్యం వినిపించే చోట నొక్కండి. గొంతు యాప్‌ది. చూపు, నవ్వు, జవాబు కోసం ఆగడం మీవి. పాపకు ఆ రెండూ కలిసే అందాలి.

2. రెండేళ్లు నిండని బిడ్డకు మంచి యాప్ కోసం వెతకకండి

ఆ వయసుకు మంచి యాప్ లేదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించవద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలూ ఇంచుమించు ఇవే.

మాటలు నేర్పుతామని అమ్మిన డీవీడీ ఒకదాన్ని జూడీ డెలోచ్ బృందం ఏడాది, ఏడాదిన్నర పిల్లలతో నాలుగు వారాలు పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించింది. డీవీడీ చూసిన పిల్లలకు చూడనివాళ్ల కంటే ఎక్కువ మాటలు రాలేదు. అన్ని జట్లలోకీ ఎక్కువ నేర్చుకున్నది అసలు డీవీడీయే లేకుండా, రోజువారీ పనుల్లో అమ్మానాన్నలు ఆ మాటలు నేర్పిన పిల్లలు. ఇంకో సంగతి కూడా బయటపడింది. డీవీడీ బాగా నచ్చిన తల్లిదండ్రులు తమ బిడ్డ చాలా నేర్చుకుందని నమ్మారు, పరీక్షలో అది కనిపించలేదు. మనకు ముచ్చటేసినంత మాత్రాన బిడ్డకు వచ్చినట్టు కాదు.

3. ఒక ఫోనుకు ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి

అన్నకొకటి, చెల్లికొకటి ఇస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. భాషకు ఆ ప్రశాంతత పనికిరాదు. కూల్ బృందమే 2018లో ఇంకో ప్రయోగం ప్రకటించింది. ఈసారి పసివాళ్లు తెరను తాకితే మాండరిన్ వీడియో మొదలయ్యేలా పెట్టారు. ఒంటరిగా తాకిన పిల్లల కంటే పక్కన ఇంకో పసిబిడ్డ ఉన్నవాళ్లు ఆ ధ్వనులను బాగా పట్టుకున్నారు. తెర అదే, వీడియో అదే. తోడు ఒక్కటే తేడా.

నాలుగైదేళ్లు వచ్చి, యాప్ నేరుగా చేతికివ్వాల్సి వస్తే ఇద్దరికి కలిపి ఒకటే ఇవ్వండి. “నాకు, నాకు” అని పోట్లాడుకోనివ్వండి. “అది కాదు, ఇది నొక్కు” అని ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. ఒక్కతే బిడ్డయితే ఆ రెండో పిల్ల మీరే అవ్వాలి. పక్కింటి పిల్లను పిలిస్తే ఇంకా మంచిది.

4. రంగులు, పండ్లు, జంతువుల పేర్లతో మొదలుపెట్టకండి

దాదాపు ప్రతి యాప్ వీటితోనే మొదలవుతుంది. బొమ్మ గీయడం తేలిక, పరీక్ష పెట్టడం తేలిక. చుట్టాల ముందు చెప్పించుకోవడానికీ బాగుంటుంది. కానీ జర్మనీలో పిల్లల బడిలో, అక్కడివాళ్లు కీటా అనే చోట, మొదటి రోజు ఏనుగు పేరుతో పనేమీ పడదు. ఎవరో బొమ్మ లాక్కుంటారు. దాహమేస్తుంది. పాసుకు వెళ్లాల్సి వస్తుంది. ఆ క్షణంలో నోట్లో ఒక వాక్యం ఉందా లేదా అన్నదే పిల్లకు పగలంతా ఎలా గడుస్తుందో తేలుస్తుంది.

మీ పావుగంటలో యాప్‌లో ఏరుకోవాల్సినవి ఇలాంటి వాక్యాలు. యాప్‌లో లేకపోతే జర్మన్ తెలిసిన వాళ్లచేత ఫోన్‌లో రికార్డు చేయించుకోండి.

“డాస్ ఇస్ట్ మైన్స్”: ఇది నాది.
“ఇష్ ఔఖ్”: నాకూ, నేనూ. చాక్లెట్లు పంచేటప్పుడు దీన్ని మించిన మాట లేదు.
“నోఖ్ మాల్”: మళ్లీ. ఉయ్యాల దగ్గర, కథ దగ్గర, పాట దగ్గర పనికొస్తుంది.
“నైన్, హ్యోర్ ఔఫ్”: వద్దు, ఆపు. గట్టిగా చెప్పడం ఇంట్లోనే అలవాటు చేయండి.
“ఇష్ ముస్ మాల్”: పాసొస్తోంది. ప్రయాణానికి ముందు ఒక్కటే నేర్పే వీలుంటే ఇదే నేర్పండి.
“ఇష్ హాబె డుర్స్ట్”: దాహమేస్తోంది.
“డార్ఫ్ ఇష్ మిట్‌ష్పీలెన్”: నేనూ ఆడొచ్చా?
“వాన్ కోమ్ట్ మామా”: అమ్మ ఎప్పుడొస్తుంది?

తెలుగు లిపిలో రాసినవి గుర్తుకోసమే. అసలు ధ్వని చెవితోనే పట్టుకోవాలి, యాప్ నిజంగా పనికొచ్చేది అక్కడే. ఒక్కో వాక్యాన్నీ అది పుట్టే సందర్భంలోనే పెట్టండి. ఆడుకునేటప్పుడు బొమ్మ చేత పాప బంతి లాగించి, “మైన్స్” అనిపించండి. మూడేళ్లలోపు పిల్లలు తెర మీద చూసినదాన్ని గదిలోని వస్తువుకు అన్వయించుకోలేక తడబడతారని పరిశోధకులు చాలాసార్లు చూశారు. తెర మీద బంతి తాకి నేర్చుకున్న మాటను నేల మీద బంతి దగ్గరికి తీసుకురావాల్సింది మీరే.

5. మైకు ఆపేయండి, “ఏదీ, చెప్పు” అనకండి

చాలా యాప్‌లు పిల్లను పలకమంటాయి, విని మార్కులు వేస్తాయి. గొంతును గుర్తుపట్టే ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పెద్దవాళ్ల గొంతులతో తయారైంది. మూడేళ్ల పిల్ల సన్నని గొంతునూ, ఇంకా తిరగని నాలుకనూ సరిగా పోల్చుకోలేదు. పిల్ల బాగానే పలికినా ఎర్ర గుర్తు పడుతుంది. రెండుసార్లు అలా పడితే మూడోసారి పిల్ల నోరు విప్పదు. అనుమతుల్లోకి వెళ్లి ఆ యాప్‌కు మైక్రోఫోన్ తీసేయండి.

కొత్త భాష మధ్యలో పడ్డ చిన్నపిల్లలు వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఏమీ మాట్లాడకుండా వింటారు. కీటాలోని టీచర్లు దాన్ని చూసి కంగారుపడరు, మీరూ పడకండి. ఆ మౌనంలో పిల్ల బోలెడంత పోగేసుకుంటుంది. చెప్పినది అర్థమవుతోందా అన్నదే చూడండి. “బూట్లు తెచ్చుకో” అని జర్మన్‌లో అంటే కదిలి వెళ్లిందా? చాలు. తెలుగులో కూడా ఏ మాటకూ స్పందన లేకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా అది వేరే సంగతి. అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించాలి.

మాట్లాడటం మొదలుపెట్టాక తప్పులు దిద్దకండి. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ డెర్, డీ, డాస్ అనే మూడింటిలో ఒకటి తగులుకుని ఉంటుంది. పెద్దలం ఆ బెంగతో నోరు మెదపం, పిల్లలకు ఆ బెంగ అంటించవద్దు. పాప “డెర్ ఔటో” అంటే మీరు “అవును, డాస్ ఔటో ఇస్ట్ రోట్” అని మామూలుగా మాట కలపండి. సరైన రూపం చెవిన పడుతుంది, సంభాషణ తెగదు.

6. స్ట్రీక్ తెగనివ్వండి, పాత పాఠమే మళ్లీ పెట్టండి

వరసగా ఇన్ని రోజులు ఆడారని లెక్కపెట్టే స్ట్రీక్, మనల్ని మళ్లీ యాప్ దగ్గరికి లాగడానికి పెట్టిన ఏర్పాటు. అది పెరగడానికి భాష రానక్కర్లేదు, రోజూ యాప్‌లో ఏదో కాస్త చేస్తే చాలు. జ్వరంతో పడుకున్న పిల్ల పక్కన కూర్చుని స్ట్రీక్ కాపాడేవాళ్లున్నారు. నోటిఫికేషన్లు ఆపేసి, కావాలనే ఒకరోజు మానేయండి. ఆ అంకె సున్నా అయ్యాక యాప్ మీద మీ చూపు మారుతుంది.

లెవెల్ పెంచే తొందరా వద్దు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో, అవే కథలు మళ్లీ మళ్లీ విన్న పిల్లలు, రకరకాల కథలు విన్నవాళ్ల కంటే కొత్త మాటల్ని బాగా నేర్చుకున్నారు. కొత్త మాటలు వినిపించినన్ని సార్లు రెండు జట్లకూ ఒకటే. అదే కథ రోజూ చెప్పమని పిల్లలు ప్రాణం తీసేది ఊరికే కాదు. యాప్‌లో నచ్చిన పాట ఒకటుంటే వారమంతా అదే పెట్టండి. తర్వాతి పాఠం తాళం తెరుచుకుందని యాప్ పిలిచినా వెళ్లకండి.

7. చప్పగా ఉన్న యాప్ ఎంచుకోండి

నాణేలు రాలకూడదు, బాణసంచా పేలకూడదు, ప్రకటనలు అడ్డురాకూడదు. క్యాథీ హిర్ష్-పాసెక్, సహచరులు 2015లో మంచి పిల్లల యాప్‌కు నాలుగు కొలతలు చెప్పారు: పిల్ల బుర్రకు పనిపెట్టాలి, ధ్యాస చెదరనివ్వకూడదు, పిల్ల బతుకులోని విషయాలతో ముడిపడాలి, ఇంకో మనిషితో కలిసి ఆడేలా ఉండాలి. ఈ నాలుగు కొలతలతో 124 యాప్‌లను తూచి 2021లో ప్రకటించిన పరిశోధనలో సగానికి పైగా యాప్‌లకు తక్కువ మార్కులే వచ్చాయి. ‘ఎడ్యుకేషనల్’ అన్న ముద్ర చూసి డబ్బు కట్టకండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. పాప పక్కన కూర్చుని ఐదు నిమిషాలు చూడండి. ఆట మధ్యలో ఒక్కసారైనా మీ వైపు తిరిగి ఏదైనా చూపించిందా, అడిగిందా? తిరిగితే ఆ యాప్ ఉంచండి. పేరు పెట్టి పిలిచినా తల తిప్పకపోతే, ఎంత ఖరీదైనదైనా తీసేయండి.

8. జర్మన్ రావాలంటే ఇంట్లో తెలుగు పెంచండి

ఆ పది పదిహేను నిమిషాల ఆట పోగా మిగతా పొద్దంతా తెలుగే మాట్లాడండి. పాప త్వరగా కలిసిపోవాలని వచ్చీరాని జర్మన్‌కో, సగం ఇంగ్లీషుకో ఇంటిని మార్చేసేవాళ్లున్నారు. దానివల్ల పాపకు దక్కేది తప్పుల జర్మన్. పోయేది నిండైన తెలుగు. ఎందుకు, ఎలా, ఒకవేళ, అందుకని... ఇలా ఆలోచనను అల్లడం పిల్ల ఏ భాషలో నేర్చినా రెండో భాషకు పనికొస్తుంది. దాన్ని మీరు లోతుగా నేర్పగలిగింది తెలుగులోనే.

చెవికి సంబంధించిన లెక్క కూడా ఉంది. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసి 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని ట, త ధ్వనుల తేడాను గుర్తుపట్టారు. పది పన్నెండు నెలలకు అది చాలావరకు పోయింది, ఆ ధ్వనులు ఇంట్లో వినిపించవు కాబట్టి. తెలుగులోనూ ఉన్న ఆ తేడా మన పిల్లలకు పుట్టింటి ఆస్తి.

తెలుగు పెంచడానికి తెర కావాలంటే వీడియో కాల్ వాడండి. సారా రోజ్‌బెర్రీ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, రెండు, రెండున్నరేళ్ల పిల్లలు వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చుకున్నారు. వేరే పిల్లతో జరిగిన కాల్ రికార్డింగును చూపిస్తే నేర్చుకోలేదు. కాల్‌లో అవతలి మనిషి పిల్ల నవ్వితే నవ్వుతుంది, ఆగితే ఆగుతుంది. గుంటూరు నుంచి అమ్మమ్మ, కరీంనగర్ నుంచి నాయనమ్మ వారానికి కొన్నిసార్లు కథ చెబితే ఏ యాప్ కూడా దానికి సాటిరాదు. డార్ట్‌మండ్‌లో ఉన్న పిన్నికో, ఆమె పిల్లలకో జర్మన్ వస్తే జర్మన్‌కూ ఇదే దారి.

9. ఆ భాష మాట్లాడే మనిషి లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టకండి

ఈ సలహా హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఉండి, ఎక్కడికీ వెళ్లే ఆలోచన లేకుండానే నాలుగేళ్ల బాబుకు ఫ్రెంచో, జర్మనో, జపనీసో యాప్‌లో పెట్టిన తల్లిదండ్రులకు. “ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రాదు” అన్న భయంతో మొదలుపెడతారు. ఆ భయానికి ఆధారం తక్కువ. నెదర్లాండ్స్‌కు వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలను కేథరీన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హ్యోలె గమనించి 1978లో రాసిన పరిశోధనలో, మొదటి నెలల్లో డచ్ భాషను వేగంగా అందుకున్నది పన్నెండు నుంచి పదిహేనేళ్ల వాళ్లు. అందరికంటే వెనకబడ్డది మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు. ఆరు లక్షలకు పైగా మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం, వ్యాకరణం పట్టుకునే శక్తి పదిహేడేళ్ల దాకా గట్టిగానే ఉంటుందని తేల్చింది. అచ్చంగా అక్కడివాళ్లలా రావాలంటే పదేళ్లలోపు మొదలుపెట్టడం మంచిదనీ చెప్పింది. అంటే నాలుగేళ్ల బాబుకు సమయం ఉంది.

చిన్నపిల్లలు గెలిచేది ఆ భాష రోజూ గంటల తరబడి చుట్టూ ఉన్నప్పుడు. అది లేని ఇంట్లో యాప్‌లోని పది నిమిషాలు నీటి మీద రాతలే. బాబుకు ఎనిమిదో తొమ్మిదో వచ్చాక, సరైన టీచరు దొరికాక, మొదలుపెట్టండి. ఈలోపు ఆ పొద్దు తెలుగు కథలకు ఇవ్వండి. ఇంటి దగ్గర హిందీయో, ఉర్దూవో, తమిళమో మాట్లాడే పిల్లలుంటే వాళ్లతో ఆడుకోవడానికి పంపండి. రెండో భాషను మనిషి దగ్గర నేర్చుకోవడమంటే ఏమిటో బాబుకు అక్కడే తెలుస్తుంది.

10. యాప్ తీసేసే రోజును ముందే పెట్టుకోండి

జర్మనీలో ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ పిల్లల సంరక్షణలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. ఊరిని బట్టి వెయిటింగ్ లిస్టులు పొడుగ్గా ఉంటాయి కనుక దిగగానే కాదు, దిగకముందే దరఖాస్తు చేయండి. చేరాక మొదటి రోజుల్లో అమ్మో నాన్నో కూడా గదిలో కూర్చునే అలవాటు కాలం ఉంటుంది. దానికి ఆఫీసులో సెలవు ముందే అడిగి పెట్టుకోండి. అక్కడ నేలమీద కూర్చుని వినే ఒక్కో పూట, యాప్‌లోని చాలా పాఠాలకు సమానం, పాపకూ మీకూ.

కీటాలో మూడు నెలలు నిండిన రోజున యాప్ తీసేస్తామని క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ పావుగంటకు వేరే పని సిద్ధంగా ఉంటుంది. ఊరి గ్రంథాలయంలో బొమ్మల పుస్తకాలు తెచ్చుకోండి. ఎండ ఉన్నా లేకపోయినా సాయంత్రం వీధి చివరి ఆటస్థలానికి వెళ్లండి. 1971 నుంచి వస్తున్న ‘డీ జెండుంగ్ మిట్ డెర్ మౌస్’ అనే పిల్లల కార్యక్రమాన్ని ఆదివారం పాపతో కలిసి చూడండి. అందులో మొదట వచ్చే పరిచయాన్ని జర్మన్‌లో చెప్పాక, ప్రతి వారం ఇంకో దేశపు భాషలో మళ్లీ చెబుతారు. పక్కింటి జర్మన్ పిల్లలకూ అర్థంకాని భాషలు ఉంటాయని పాపకు అక్కడ తెలుస్తుంది.

కొన్నాళ్లకు జర్మన్‌లో పాప మిమ్మల్ని దాటిపోతుంది. మీ డెర్‌ను డాస్ చేస్తుంది, మీరు పలికినదాన్ని మళ్లీ పలికించి దిద్దుతుంది. దిద్దించుకోండి. యాప్‌తో మీరు ఏరి ఇచ్చిన నాలుగు వాక్యాలు చేయాల్సిన పని అప్పటికి పూర్తయినట్టే.